దారి లేనప్పుడు ఎన్నిసార్లు

మా ఇంట్లో నన్ను టపాకాయ అంటారు. ఆ పేరు పెట్టింది మా అక్క. ముక్కు మీద కోపం అనే మాట నా ముక్కును చూశాకే పుట్టి ఉంటుందని కూడా అనేది. కాదనను. ఎదురుచూడటం నాకు చేతకాదు. ఎవరికైనా ఫోన్ చేస్తే రెండు రింగులు వింటాను, ఎత్తకపోతే పెట్టేస్తాను, ఇక మళ్ళీ చేయను. అక్క నాకు పూర్తిగా వ్యతిరేకం. ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది. ఒకసారి బావ స్నానం చేస్తుంటే పదకొండుసార్లు చేసింది. ఆయన సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చి ఎత్తితే, ఏం లేదు, ఊరికే చేశా అందట.

నేను పనిచేసే చోటు ఒక పెద్ద ఆసుపత్రిలో, నేలకు ఒక అంతస్తు దిగువన ఉంటుంది. అందరూ దాన్ని గొంతుల బ్యాంకు అంటారు. జబ్బు చేసి స్వరపేటిక తీసేయించుకోవాల్సిన వాళ్ళు ఆపరేషనుకు ముందు మా దగ్గరికి వస్తారు. పై అంతస్తులో అద్దాల గది ఉంది. అందులో మైకు ముందు కూర్చుని పదహారు వందల వాక్యాలు చదువుతారు. తర్వాత నిపుణులు ఆ వాక్యాలనే ముక్కలు చేసి, అతికించి, వాళ్ళకొక గొంతు తయారుచేస్తారు. ఫోనులో టైపు చేస్తే ఆ గొంతు అచ్చం వాళ్ళలాగే పలుకుతుంది. చదివించడం పైవాళ్ళ పని. చదివింది పోకుండా దాచడం నా పని.

దాచే గది చల్లగా ఉంటుంది. మిషన్ల హోరు తప్ప మరో చప్పుడు ఉండదు. మొదట అది హోరులాగే వినిపిస్తుంది. పావుగంట కూర్చుంటే పక్కగదిలో ఎవరో పని చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నట్టు ఉంటుంది. అరగంటకు ఆ ఎవరో మనకు తెలిసిన మనిషే అనిపిస్తుంది. చీకట్లో చిన్న చిన్న పచ్చ దీపాలు రెప్పలార్పుతుంటాయి. కిటికీ లేదు కనుక బయట ఎండో వానో తెలియదు. ఆ గదిలోంచి మెట్లెక్కి వచ్చిన ప్రతిసారీ పగటినిద్రలోంచి లేచినట్టు కాసేపు తికమకపడతాను.

రికార్డింగు మిషనుకూ, గొంతులన్నీ దాచే స్టోరేజీ పెట్టెకూ మధ్య నాలుగు దారులున్నాయి, అంటే నాలుగు కేబుళ్ళు. ఒకే ఇంటికి నాలుగు వీధుల నుంచి వెళ్ళే వీలుందనుకోండి. ఒక వీధిలో గొయ్యి తవ్వితే ఇంకో వీధి పట్టుకుంటాం. మా వాళ్ళ భాషలో దీన్ని మల్టీపాత్ అంటారు. మరి నాలుగు వీధులూ ఒకేసారి మూసుకుపోతే? అప్పుడు మిషను ఏం చేయాలో కాన్ఫిగ్ ఫైలులో ఒకే ఒక్క లైను చెబుతుంది. అక్కడ ఫెయిల్ అని రాస్తే మిషను వెంటనే చేతులెత్తేస్తుంది, చేతిలో ఉన్నది పారేసి ఎర్రదీపం వెలిగిస్తుంది. క్యూ అని రాస్తే దారి తెరుచుకునేదాకా చేతిలో ఉన్నది పట్టుకుని, ఎన్నాళ్ళైనా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడుతుంది. ఒక అంకె రాస్తే అయిదు సెకన్లకొకసారి చొప్పున అన్నిసార్లు దారి వెతికి చూసి, అప్పటికీ లేకపోతే చేతులెత్తేస్తుంది.

నాకు ముందు ఇక్కడ పనిచేసి రిటైరైన మాస్టారు క్యూ అని రాసిపెట్టారు. నేను చేరిన నెలలోనే ఎవరో నేల తుడుస్తూ కేబుళ్ళ కట్టనంతా లాగేశారు. పైన ఒకాయన నలభై నిమిషాలు చదివాడు. మిషను వింటున్నట్టే ఉంది, ఒక్క అక్షరం పెట్టెలోకి చేరలేదు, చేరలేదని చెప్పనూ లేదు. చివరికి కరెంటు తీస్తే గానీ అది కదల్లేదు. ఆ నలభై నిమిషాలూ గాలికి పోయాయి. పాపం ఆయన అంతా మళ్ళీ చదివాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దారి లేకపోతే లేదని చెప్పి చావొచ్చు కదా అనుకుని, ఆ సాయంత్రమే క్యూ కొట్టేసి ఫెయిల్ అని రాశాను. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

అక్కకూ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయాక ఆమె కుట్టు మిషనును నన్ను అడగకుండా పక్కవీధి దర్జీకి ఇచ్చేసిందన్నది నా కోపం. నాకు కుట్టడం రాదు, ఆ మిషను పెట్టుకోవడానికి నా ఇంట్లో చోటూ లేదు, అది వేరే సంగతి. అప్పటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్క ఫోన్ చేసేది. నేను ఎత్తేదాన్ని కాదు. వరసగా మూడుసార్లు మోగేది, తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చేది. వినకుండా చెరిపేసేదాన్ని. అందులో ఏముంటుందో వినక్కర్లేకుండానే నాకు తెలుసనుకున్నాను. దెప్పిపొడుపులు, అమ్మ పేరెత్తి రెండు కన్నీటి చుక్కలు, పెద్దదాన్ని అనే హోదా. అలా తొంభై పైచిలుకు ఆదివారాలు చెరిపాను.

ఒక ఆదివారం నాలుగైంది, ఫోను మోగలేదు. తర్వాతి ఆదివారమూ మోగలేదు. మూడో ఆదివారం, ఆహా, అక్కగారికీ కోపం వచ్చిందన్నమాట అనుకున్నాను. అలా అనుకుంటూనే మూడున్నర నుంచి ఫోను పక్కన కూర్చున్నాను. నేను చేయొచ్చన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కదా నేను, చేయలేదు.

ఆ మర్నాడు కొత్త రోగుల జాబితా వచ్చింది. ఒక్కొక్కరికీ పెట్టెలో చోటు కేటాయించి, దానికి వాళ్ళ పేరు పెట్టాలి. అయిదో పేరు సగం టైపు చేశాక నా వేళ్ళు ఆగిపోయాయి. కాగితం మళ్ళీ చూశాను. ఇంటిపేరూ, వయసూ, ఆపరేషను తేదీ. సరిగ్గా రెండు వారాల్లో, సోమవారం. మిగతా సగం టైపు చేసి ఎంటర్ కొట్టాను. మా అక్కకు చోటు తయారైందని మిషను చెప్పింది.

మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. బావ చేతిలో ఫైలుంది, అక్క మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుంది. సగం చిక్కిపోయింది. డాక్టరు ఒక్క మాట కూడా వృథా చేయొద్దన్నాడనీ, ఉన్న గొంతంతా ఆ వాక్యాలకే ఖర్చుపెట్టమన్నాడనీ బావ గొణిగాడు. రెండేళ్ళ తర్వాత ఎదురుపడితే మాట్లాడే హక్కు మా ఇద్దరిలో నాకొక్కదానికే ఉంది, నాకేమో నోరు పెగల్లేదు. అక్క చెయ్యెత్తి నా ముక్కు మీద వేలితో చిన్నగా కొట్టి, అద్దాల గదిలోకి వెళ్ళింది.

అద్దాల గదికి పెద్ద మా సౌండు బాబాయి. ఆయన ఎవరికీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. చదివేవాళ్ళు వాక్యానికీ వాక్యానికీ మధ్య మాట్లాడకూడదని ఆయన నియమం. తర్వాతి వాక్యానికి సిద్ధంగా ఉంటే బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టాలి. ఆ టకటక తర్వాత రికార్డింగులోంచి కత్తిరించేస్తారు. ఆ గదిలోకి ఫోన్లు, టేపులు ఏవీ రానివ్వడు. రోగి గొంతు ఒక్క చోటే ఉండాలన్నది ఆసుపత్రి కట్టుబాటు, ఆయనకు అది వేదం.

పై గది మైకుకు కింద నా బల్ల మీద ఒక బుల్లి స్పీకరు ఉంది. రెండేళ్ళుగా నేను వినని గొంతు ఆ రోజు నుంచి దాంట్లోంచి వచ్చింది. కొంచెం బొంగురుపోయింది గానీ అక్కదే. "ఎండలో గుర్రం నిలబడే నిద్రపోయింది." టక టక. "ఠీవిగా నడిచిన కోడి గడప దాటలేదు." టక టక. "ఢక్కామొక్కీలు తిన్న బాతు ఒడ్డున రెక్కలు ఆరబెట్టుకుంది." అక్షరాలన్నీ, వాటి కలయికలన్నీ రావాలని ఎవరో తీరిగ్గా కూర్చుని రాసిన వాక్యాలవి. ఒకదానికొకటి పొంతన ఉండదు. కళ్ళు మూసుకుంటే మిషన్ల కూనిరాగంలో ఆ గుర్రమూ, కోడీ, బాతూ ఒకదాని వెనక ఒకటి నడిచిపోయేవి. వాటిని తోలుకుంటూ అక్క వెళుతుండేది. చిన్నప్పుడు మధ్యాహ్నాలు నన్ను నిద్రపుచ్చడానికి ఇలాంటి తలాతోకా లేని కథలే చెప్పేది, నాకంటే ముందు తనే నిద్రపోయేది. నేను స్పీకరుకు చెవి ఆనించి ఎంతసేపు కూర్చున్నానో ఏ రోజూ తెలియలేదు.

అయిదో రోజు పెట్టెను నడిపే రెండు కంట్రోలర్ బోర్డుల్లో ఒకటి చచ్చిపోయింది. బాధ్యత రెండో బోర్డు మీదికి మారడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. ఆ తొమ్మిది సెకన్లూ నాలుగు దారులూ లేవు. నేను నేర్పిన మిషను ఒక్క సెకను కూడా ఆగలేదు. ఎర్రదీపం వెలిగించి, చేతిలో ఉన్న ముప్పై ఒక్క వాక్యాలూ పారేసింది.

అక్క ఆ ముప్పై ఒకటీ మళ్ళీ చదివింది. పన్నెండోది దాటాక గొంతు చీలింది. దగ్గు వచ్చింది. నీళ్ళు తాగింది. మళ్ళీ టక టక. నేను కింద కూర్చుని ప్రతి దగ్గూ విన్నాను. స్పీకరు కట్టేయొచ్చు, కట్టేయలేదు. చేసిన పాపం వినాల్సిందే అనుకున్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి గొంతు ఖర్చుపెట్టే స్థితిలో కూడా లేదు.

సాయంత్రం బాబాయి మెట్లు దిగి వచ్చాడు. ఆయన ఎప్పుడూ కింద అడుగుపెట్టడు, చలి పడదు.

"తొమ్మిది సెకన్లేగా అమ్మాయ్. ఆ కాస్త ఆగలేకపోయిందా నీ మిషను?"

నీ మిషను అన్నాడు. నిజమే, నాదే.

మాస్టారుకు ఫోన్ చేశాను. ఆయన రిటైరయ్యాక ఒక్కసారి కూడా చేయలేదు, పైగా ఆయన పద్ధతుల మీద వాళ్ళ ముందూ వీళ్ళ ముందూ బోలెడు వెటకారాలాడాను. ఆయన అవేవీ ఎత్తలేదు. జరిగింది విని, ఒకే బోర్డు మిగిలిందా అని అడిగారు. కొత్తది ఆపరేషను రోజుకు గానీ రాదని చెప్పాను. మిగిలిన బోర్డు మీద బరువు పడితే అది తనంతట తాను ఆగి మళ్ళీ లేస్తుందనీ, లేవడానికి తొంభై సెకన్లని కంపెనీ పుస్తకంలో ఉంటుందనీ, పుస్తకాన్ని నమ్మొద్దనీ అన్నారు. తాను గడియారం పెట్టి చూస్తే నాలుగు నిమిషాలు పట్టిందట, ఒకసారి నాలుగున్నర. మిషను తన తలలో ఏడెనిమిది నిమిషాల చదువు పట్టుకోగలదట.

"అయితే అరవైసార్లు," అన్నాను లెక్కవేసి. "అయిదు నిమిషాలవుతుంది. మీరు అంకె ఎందుకు రాయలేదు మాస్టారూ? క్యూ అని ఎందుకు వదిలేశారు?"



"ఎన్నిసార్లు అని రాయడానికి నాకు చెయ్యి రాలేదమ్మా. ఇన్నిసార్లు అని రాశామంటే, ఆ తర్వాత ఒద్దని మనమే చెప్పినట్టు కదా. అది తప్పే. నీ పద్ధతీ తప్పే. నువ్వు అంకె రాయి."

ఆ రాత్రి కలలో ఒక వీధిలో నడుస్తున్నాను. ఇళ్ళన్నీ మూసి ఉన్నాయి. తలుపులకు గడియలు లేవు, అంకెలున్నాయి. ఒక్కో తలుపు మీద ఎవరో చేత్తో రాసిన అంకె. నా ఇల్లు గుర్తుపట్టాను, దాని మీద సున్నా ఉంది. దాని గుమ్మంలో అక్క తొంభై పైచిలుకు గొడుగులు ఆరబెట్టుకుని కూర్చుంది, ఏ మాత్రం విసుగు లేకుండా. మెలకువ వచ్చాక గొడుగులెందుకో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఫెయిల్ కొట్టేసి అరవై అని రాశాను. ఫైలును మళ్ళీ చదువుకోమని మిషనుకు చెప్పాను. ఎవరూ చదవని భోజనాల వేళ కేబుళ్ళు పీకి చూశాను. ఆగాల్సిన మిషను ఆగలేదు. ఎర్రదీపం టక్కున వెలిగింది. మళ్ళీ రాశాను, మళ్ళీ పీకాను, మళ్ళీ ఎర్రదీపమే. గంటసేపు తల పట్టుకున్నాక ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదివితే గుట్టు బయటపడింది. ఏడాది కిందట నేను ఫెయిల్ అనే మాటను ఒక చోట కాదు, మూడు చోట్ల రాశాను. మొత్తం మిషనుకు ఒకసారి, ఈ రకం పెట్టెలన్నిటికీ ఒకసారి, ప్రత్యేకంగా ఈ ఒక్క డిస్కుకు ఇంకోసారి. అలా ఉన్నప్పుడు డిస్కుకు అన్నిటికంటే దగ్గరగా రాసిన మాటే చెల్లుతుంది. పైన ఎంత మంచి మాట రాసినా లోపలి మాటదే పెత్తనం. ఒకసారి రాస్తే సరిపోయేదానికి మూడుసార్లు ఎవరు రాస్తారు? కోపంలో ఉన్నవాళ్ళు రాస్తారు. నాకు నా మీదే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

మూడూ మార్చాను. మళ్ళీ కేబుళ్ళు పీకి, గడియారం చూస్తూ ముప్పై సెకన్లు ఆగి, తిరిగి పెట్టాను. ఎర్రదీపం వెలగలేదు. మిషను దేన్నీ పారేయలేదు. మాస్టారు నాటి ఉలుకూ పలుకూ లేని జబ్బు మళ్ళీ రాకుండా, ఎదురుచూస్తున్నంతసేపూ పసుపుదీపం వెలిగేలా ఏర్పాటు చేసి, బాబాయికి చెప్పాను. పచ్చ అంటే చేరింది, ఎరుపు అంటే పోయింది, పసుపు అంటే ఇంకా అడుగుతోంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి అక్క చివరి చదువు. ఆదివారమంతా పరీక్షలు, సోమవారం పొద్దునే ఆపరేషను. గొంతులో ఇక ఇరవై నిమిషాలకు మించి లేదని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. మిగిలినవి ఇరవై వాక్యాలు. వాటి తర్వాత ఒక్క నిమిషం ఎవరి ఇష్టం వచ్చింది వాళ్ళు మాట్లాడొచ్చు. గొంతు తయారుచేసేవాళ్ళకు ఆ నిమిషమే ముఖ్యమట, మనిషి నిజంగా ఎలా మాట్లాడతాడో అందులోనే పట్టుబడుతుందట. పైకి వెళ్ళి అద్దం అవతల నిలబడాలని నాకు ఎంతగానో అనిపించింది. కానీ ఏదైనా అయితే చెయ్యి మిషను దగ్గర ఉండాలి. కిందే కూర్చున్నాను.

పద్నాలుగు వాక్యాలు అయ్యాయి. అక్క గొంతు మరీ పల్చబడింది, పాత చీరలోంచి వెలుతురు కనిపించినట్టు మాటల మధ్య గాలి వినిపిస్తోంది. పదిహేనోది మొదలుపెట్టబోతుండగా పెట్టె మీద పచ్చ దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మిగిలిన బోర్డు ఆగిపోయింది. నాలుగు దారులూ లేవు. 

ఇంటర్‌కమ్ మోగింది.

"అమ్మాయ్, పసుపొచ్చింది. ఆపమంటావా?"

ఆపితే ఈ గొంతు మళ్ళీ ఎప్పుడు వస్తుంది? ఆపకపోతే, అయిదు నిమిషాల్లో దారి తెరుచుకోకపోతే, చదివిందంతా పోతుంది. రెండిటికీ నాదే పూచీ.

"ఆపకు బాబాయ్. చదవనీ," అన్నాను.

ఒకటి. మిషను దారి అడిగింది, లేదు. అయిదు సెకన్లు. రెండు. లేదు. స్పీకరులో అక్క, "మబ్బు వెనక మెట్లు ఎవరు కట్టారో తెలియదు" అంది. టక టక. ఆరు. ఏడు. "ఝామున లేచిన వడ్రంగి కిటికీనే మరిచిపోయాడు." టక టక. ఆ మాటలు ఇప్పుడు ఎక్కడా లేవు. పెట్టెలో లేవు, కాగితం మీద లేవు. గాలిలో ఒక క్షణం ఉన్నాయి, మిషను తలలో ఉన్నాయి, నా చెవిలో ఉన్నాయి. ఆ గది కూనిరాగం కూడా పెట్టె ఆగడంతో సగానికి తగ్గింది. ఎప్పుడూ నీళ్ళ అడుగున ఉన్నట్టుండే గదిలో నీళ్ళు కూడా కదలడం మానేసినట్టయింది.

పద్దెనిమిదోసారికి ఆరు వాక్యాలూ అయిపోయాయి. ఇక నీ ఇష్టమమ్మా అన్న బాబాయి గొంతు దూరంగా వినిపించింది. అక్క గొంతు సవరించుకుంది.

"ఏమే టపాకాయ్, నేనే. ఏం లేదు, ఊరికే చేశా. మీ బావ మళ్ళీ గొడుగు పోగొట్టుకొచ్చాడే. ఈ ఏడాదికి ఇది నాలుగోది. తడిసి ముద్దై వచ్చి, ఎవరికో అవసరమై పట్టుకెళ్ళుంటార్లే అంటాడు. నవ్వొచ్చింది, నీకు చెబుదామనిపించింది. నువ్వు పనిలో ఉన్నట్టున్నావ్. పర్లేదు, ఎత్తకపోయినా ఏం కాదు. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తా."

అంతే. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు. కుట్టు మిషను మాట లేదు, అమ్మ మాట లేదు, దెప్పడం లేదు. ప్రతి ఆదివారం నాలుగింటికి నేను చెరిపేసిన మెసేజీలు ఇవే. మూడు గొడుగులు ఎక్కడెక్కడ పోయాయో, ఎలా పోయాయో అందులో ఉండే ఉంటుంది. ఆ తొంభైకి ఏ పెట్టెలోనూ నకలు లేదు. వెతికిపెట్టడమే నా వృత్తి కనుక చెబుతున్నాను, లేదు.

ముప్పై. ముప్పై ఒకటి. ఏడుస్తూ లెక్కపెట్టాను. కీబోర్డు నా ముందే ఉంది. ఒక్క కమాండు కొడితే ఈ ఎదురుచూపు ఆగిపోతుంది, అవునో కాదో తేలిపోతుంది. పోతే పోయిందని తెలిసిపోవడంలో ఒక సుఖం ఉంది, ఆ సుఖం కోసమే నేను బతుకంతా ఫోన్లు పెట్టేశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. నలభై. నలభై ఏడు. పుస్తకం చెప్పిన తొంభై సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. యాభై. మాస్టారు చూసిన నాలుగు నిమిషాలూ దాటాయి. యాభై మూడు. లేదు. అరవై ఒకటి అని ఎందుకు రాయలేదు, డెబ్భై అని ఎందుకు రాయలేదు అనుకున్నాను. ఆ క్షణంలో మాస్టారి చెయ్యి ఎందుకు రాలేదో నాకు తెలిసింది.

యాభై నాలుగోసారి అడిగినప్పుడు పెట్టె పలికింది. ఒక పచ్చ దీపం, తర్వాత రెండోది. మిషను తన తలలో పట్టుకున్నదంతా గబగబా పెట్టెలోకి పోసింది. పైన పసుపు పోయిందని బాబాయి చెబుతున్నాడు. నేను చేసిన మొదటి పని, ఆ చివరి నిమిషం ఫైలు తెరిచి, ఉందా అని వినడం. ఉంది. గొడుగు ఉంది, మీ బావ ఉన్నాడు, వచ్చే ఆదివారం ఉంది.

సోమవారం ఆపరేషను బాగానే జరిగింది. గొంతు తయారవడానికి నెలన్నర పడుతుందన్నారు. అప్పటిదాకా పలకా బలపమే.

అక్క అన్న ఆ వచ్చే ఆదివారం వచ్చింది, నాలుగైంది. ఆమె చేయలేదు, చేయలేదు కదా. ఫోను అక్క మంచం పక్కనే పెట్టానని బావ పొద్దునే చెప్పాడు. నేను చేశాను. రెండు రింగులకు అలవాటు చొప్పున వేలు ఎర్ర గుర్తు మీదికి పోయింది. తీసేసి మొత్తం మోగనిచ్చాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నర్సు వచ్చి ఉంటుంది. మళ్ళీ చేశాను. నిద్రపోతోందేమో. మళ్ళీ. ఎన్నిసార్లయిందో ఈసారి లెక్కపెట్టలేదు.

ఎత్తింది. మాట లేదు, ఉండదు. ఆసుపత్రి గది నిశ్శబ్దమూ, ఎక్కడో బండి చక్రాల చప్పుడూ, ఆమె ఊపిరీ వినిపించాయి. తర్వాత ఫోను మీద వేలితో కొట్టిన చప్పుడు.

టక టక.

"ఏం లేదక్కా, ఊరికే చేశా," అన్నాను. "బావ గొడుగు దొరికిందా?"

ఊపిరి ఒక్కసారి పెద్దగా వచ్చింది. అది అక్క నవ్వని నాకు తెలుసు. తర్వాత మళ్ళీ రెండుసార్లు తట్టింది.